తాగుడు మానాలనుకున్నవాడికి డాక్టరు అందాలి
(మండల రైతు సంఘం శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఎజెండాలో ఈ అంశం చూసి పొద్దున కొందరు నవ్వుకున్నారు. మిర్చి ధర పడిపోయి, కౌలు రైతుకు కార్డు రాక, పంటల బీమా సొమ్ము అందక జనం అల్లాడుతుంటే సంఘం క్లాసులో తాగుడు గురించీ, డాక్టర్ల గురించీ చెప్పటమేంటని. అడగాల్సిన ప్రశ్నే. ముందు దానికి జవాబు చెప్పి అసలు విషయంలోకి వస్తాం.

ఈ చుట్టుపక్కల రైతు ఆత్మహత్య జరిగిందంటే సంఘం తరఫున ఆ ఇంటికి వెళ్ళేది మేమే. మేము వెళ్ళేసరికే ఒక మాట వీధిలో తిరుగుతూ ఉంటుంది: "తాగుబోతండీ, తాగి చచ్చాడు." ఆ మాట పంచనామాలోకి ఎక్కిందంటే ఆ కుటుంబం పని అయిపోయినట్టే. 2004లో వచ్చిన 421 జీవో ప్రకారం ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ ఏడీ ముగ్గురూ విచారణ చేయాలి. అప్పు కాగితాలు చూడాలి, పంట నష్టం చూడాలి. కానీ తాగుబోతు అన్న ఒక్క మాట పడితే మూడెకరాల కౌలు, నూటికి రెండు రూపాయల వడ్డీ నోట్లు, రెండేళ్ళు వరసగా పోయిన పంట, అన్నీ పక్కకి పోతాయి. మనిషి తాగినందుకు చచ్చాడని రాసి ఫైలు మూసేస్తారు. ఆ ఇళ్ళలో కూర్చుని మేము చూసింది ఏంటంటే, రెండూ నిజమే. అప్పు ఉంది, తాగుడూ ఉంది. అప్పు పెరిగిన కొద్దీ తాగుడు పెరిగింది, తాగుడు పెరిగిన కొద్దీ అప్పు పెరిగింది. ఆ మనిషి చనిపోయే ముందు రెండు మూడేళ్ళలో పీహెచ్‌సీకి ఎన్నిసార్లు వెళ్ళాడో ఆయన భార్యని అడిగితే వేళ్ళు మడిచి లెక్క చెబుతుంది. కడుపులో మంటకి ఒకసారి, బీపీకి ఒకసారి, బండి మీద నుంచి పడి చెయ్యి విరిగి ఒకసారి. ఎన్నిసార్లు వెళ్ళినా "రోజూ తాగుతావా, ఎంత తాగుతావు?" అని అడిగినవాళ్ళు లేరు. మేము ఈ క్లాసు పెట్టింది అందుకే.

మన భాషలో మందు అంటే మూడు అర్థాలు. డాక్టరు ఇచ్చేది మందే, చేను మీద కొట్టేది మందే, క్వార్టరు సీసాలో ఉండేదీ మందే. మన పల్లెల్లో ఈ మూడూ కలిసిపోయి ఉన్నాయి. పొద్దుటి నుంచి పత్తిలో మందు కొట్టినవాడికి సాయంత్రం కూలితో పాటు క్వార్టరు ఇవ్వటం మనలో కొంతమందికి ఆనవాయితీ. ట్రాక్టరు డ్రైవరుకీ అంతే, బోరు బండి వాళ్ళకీ అంతే. "వాళ్ళు అడుగుతారండీ" అంటారు. అడుగుతారు, నిజమే. దాని గురించి తర్వాత మాట్లాడదాం.

ముందు లెక్క తెలుసుకోవాలి. తాగేవాళ్ళని ఎంత తాగుతావని అడిగితే "కొంచెమేనండీ, ఒక్క క్వార్టరు" అంటారు. డాక్టర్ల లెక్కలో పది గ్రాముల ఆల్కహాలు ఒక యూనిట్టు. 180 మిల్లీలీటర్ల క్వార్టరు విస్కీలో గానీ బ్రాందీలో గానీ దాదాపు 60 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. అంటే ఆరు యూనిట్లు. స్ట్రాంగ్ బీరు పెద్ద సీసా అయితే మూడు నాలుగు యూనిట్లు. రోజుకి రెండు క్వార్టర్లు తాగేవాడు పన్నెండు యూనిట్లు తాగుతున్నట్టు. 2024 అక్టోబరు నుంచి మన రాష్ట్రంలో 99 రూపాయలకే క్వార్టరు దొరుకుతోంది. కూలి డబ్బు చేతికి రాగానే ఎటు పోతుందో చెప్పనక్కర్లేదు.

తాగే ప్రతివాడూ రోగి కాదు. పండక్కో పెళ్ళికో తాగి మర్నాడు తన పని తాను చేసుకునేవాడు ఉన్నాడు. ఇంకొకడు వారంలో రెండు మూడుసార్లు బాగా తాగుతాడు. వాడికి ఇంకా పట్టు బిగియలేదు, కానీ ఒళ్ళు పాడవుతోంది, ఇల్లు పాడవుతోంది. మూడోవాడు పొద్దున లేవగానే చేతులు వణికి, ఒక గుక్క పడితే గానీ పళ్ళు తోముకోలేడు. నిన్న తాగిన మోతాదు ఇవాళ చాలదు. మానాలని ఉంటుంది, మానలేడు. ఈ మూడోవాడికి ఉన్నది జబ్బు. మెదడు ఆ ద్రవానికి అలవాటు పడిపోయి, అది లేకపోతే నడవని స్థితికి వచ్చింది. 2017లో పార్లమెంటు చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో మద్యం, మత్తు పదార్థాల వాడకంతో వచ్చే మానసిక సమస్యల్ని కూడా జబ్బుల్లోనే చేర్చారు. వైద్యం పొందటం హక్కు అని ఆ చట్టమే చెప్పింది. "సిగ్గు లేదా, పెళ్ళాం బిడ్డలు గుర్తురారా" అని మనం తిట్టే తిట్లతో షుగరు తగ్గదు కదా, ఇదీ తగ్గదు.

ఇక డాక్టరు ఏం చేయాలి అన్నదానికి వద్దాం. పెద్ద డాక్టరు అక్కర్లేదు, మన పీహెచ్‌సీ డాక్టరు గురించే చెబుతున్నాం. 2023 ఏప్రిల్లో మన పల్నాడు జిల్లా లింగంగుంట్లలోనే ఫ్యామిలీ డాక్టర్ విధానం ప్రారంభించారు. పీహెచ్‌సీలో ఇద్దరు డాక్టర్లు, వాళ్ళలో ఒకరు 104 బండిలో నెలకి రెండుసార్లు ఊరి క్లినిక్కుకి రావాలి, మంచంలో ఉన్నవాళ్ళ ఇంటికి కూడా వెళ్ళాలి. ప్రభుత్వం మారింది, బోర్డుల మీద పేర్లు మారాయి. పేరు ఏదైనా మాకు అభ్యంతరం లేదు. మన ఇల్లూ వాకిలీ, మన ఇంట్లో ఎవరికి ఏ జబ్బు ఉందో తెలిసిన డాక్టరు ఒకరు ఉండాలన్నది మంచి ఆలోచన. తాగుడు జబ్బుకి కావాల్సింది సరిగ్గా అలాంటి డాక్టరే. గుంటూరు పెద్దాసుపత్రిలో మానసిక విభాగం ఉంది, విశాఖలో చినవాల్తేరు ఆసుపత్రి ఉంది. అక్కడికి పొమ్మంటే వందలో ఎంతమంది వెళతారు? "పిచ్చాసుపత్రికి పోయొచ్చాడు" అనే మాట కూతురి పెళ్ళి సంబంధం దాకా వెంటాడుతుంది. ఊరి క్లినిక్కుకి బీపీ చూపించుకోవటానికి వెళ్ళినట్టే వెళ్ళొచ్చు, ఎవరికీ అనుమానం రాదు.

ఆ డాక్టరు చేయాల్సిన మొదటి పని అడగటం. అందుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పది ప్రశ్నలు తయారు చేసింది, ఆడిట్ అంటారు. ఎన్ని రోజులకోసారి తాగుతావు, తాగిన రోజు ఎంత తాగుతావు, మొదలుపెట్టాక ఆపలేకపోయిన సందర్భాలున్నాయా, పొద్దున్నే తాగాల్సి వచ్చిందా, రాత్రి ఏం జరిగిందో గుర్తు లేకుండా పోయిందా, తాగినప్పుడు నీకో ఎదుటివాళ్ళకో దెబ్బ తగిలిందా, తగ్గించమని ఎవరన్నా చెప్పారా, ఇలాంటివి. ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు, మొత్తం 40. ఎనిమిది దాటితే జాగ్రత్త పడాలి. ఇరవై దాటితే పట్టు బిగిసిందేమో అని డాక్టరు గట్టిగా పరీక్షించాలి. అయిదు నిమిషాల పని. ఏఎన్‌ఎం గానీ, ఊరి క్లినిక్కులో ఉండే సీహెచ్‌ఓ గానీ అడిగి రాసిపెట్టొచ్చు.

ఎలా అడుగుతారన్నది కూడా ముఖ్యమే. వరండాలో అందరి ముందూ "ఏం, తాగుతావా?" అంటే ఎవడైనా లేదనే అంటాడు. తలుపు వేసి, బీపీ పట్టీ కడుతూ, మామూలుగా అడిగితే చెబుతాడు. చెప్పింది ఊళ్ళోకి రాకూడదు. డాక్టరు నోరు జారితే ఆ ఊళ్ళో ఇక ఎవరూ ఆ మాట ఎత్తరు.

పట్టు బిగియని రెండో రకం మనిషికి చాలాసార్లు డాక్టరు మాటే వైద్యం. ఉపన్యాసం ఇమ్మని కాదు. "నీ కడుపు మంటకి, నీ బీపీ తగ్గకపోవటానికి కారణం ఇదీ. ఎంతకి తగ్గించగలవు? నెల తర్వాత మళ్ళీ కలుద్దాం" అని పది నిమిషాలు మనిషిగా మాట్లాడటం. తెల్లకోటు వేసుకున్నవాళ్ళు చెప్పే ఈ నాలుగు మాటలకి పని చేసే గుణం ఉందని చాలా దేశాల్లో పరీక్షించి తేల్చారు. భార్య వెయ్యిసార్లు చెప్పినా వినని మాట డాక్టరు ఒకసారి చెబితే వింటారు. మన అక్కలకి ఇది కోపం తెప్పించే విషయమే, కానీ ఉన్నమాట.

మూడో రకం మనిషి దగ్గరే అసలు ప్రమాదం ఉంది. ఇక్కడ మీరందరూ జాగ్రత్తగా వినాలి, ఎందుకంటే మంచి చేయబోయి మనమే ప్రాణం మీదకి తెస్తున్నాం.

ఏళ్ళ తరబడి రోజూ తాగినవాడు ఒక్కసారిగా మానేస్తే ఏమవుతుంది? ఆరేడు గంటల్లో చేతులు వణకటం, చెమటలు, వాంతులు, గుండె దడ మొదలవుతాయి. నిద్ర రాదు. ఒకటి రెండు రోజుల్లో కొంతమందికి ఫిట్సు వస్తాయి. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య ఇంకొంతమందికి మతి తప్పుతుంది. లేని మనుషులు కనిపిస్తారు, గోడ మీద పాములూ పురుగులూ పాకుతున్నట్టుంటుంది, జ్వరం వస్తుంది. ఎవరితోనో మాట్లాడతాడు, లేచి పరిగెడతాడు. వైద్యం అందకపోతే ఈ దశలో మనిషి చచ్చిపోతాడు.

మా ఊళ్ళోనే జరిగింది చెబుతాం. ఒకాయన, మంచి మిర్చి రైతు, పదిహేనేళ్ళ నుంచి రోజూ తాగేవాడు. పిల్ల బాధ చూడలేక శివస్వామి మాల వేసుకున్నాడు. ఆ రోజు నుంచి చుక్క ముట్టలేదు. మూడోనాటి రాత్రి "నా మీదకి ఎవరో వస్తున్నారు" అని కేకలు. నిష్ఠలో ఏదో లోపం జరిగిందని కొందరు, గాలి సోకిందని కొందరు. వేపమండలతో కొట్టే మనిషిని పిలుచుకొచ్చారు. తెల్లారి ఫిట్సు వచ్చాక గానీ ఆటో ఎక్కించలేదు. బతికాడు. ఆయన మాల వేసుకోవటంలో తప్పేం లేదు, మానాలన్న ఆ పట్టుదల చాలా విలువైనది. మాల వల్ల తాగుడు మానినవాళ్ళు మనకి తెలిసినవాళ్ళే ఎందరో ఉన్నారు. కానీ పొద్దున్నే వణికే స్థాయికి వచ్చినవాడు మాల వేసుకునే ముందు డాక్టరుకి కనపడాలి. ఈ ఒక్క సంగతి మన ఊళ్ళలో గురుస్వాములకి చెప్పగలిగితే కొన్ని ప్రాణాలు నిలబడతాయి. వాళ్ళు వింటారు, మేము ఇద్దరితో మాట్లాడి చూశాం.

డాక్టరు ఏం చేస్తారంటే, మెదడుని తాగుడు లేకుండా మెల్లగా దింపటానికి కొన్ని రకాల బిళ్ళలు ఇస్తారు. క్లోర్‌డయాజిపాక్సైడ్, డయాజిపామ్ లాంటివి. లివరు దెబ్బతిన్నవాళ్ళకి లోరాజిపామ్ ఇస్తారు. మొదటి రోజు ఎక్కువ మోతాదు, రోజు రోజుకీ తగ్గిస్తూ వారంలోపు ఆపేస్తారు. ఇవి షాపులో కొనుక్కుని మనంతట మనం వేసుకునేవి కావు. ఎక్కువైతే ఊపిరి ఆగుతుంది, మందు తాగుతూ ఇవి మింగితే ఇంకా ప్రమాదం. బిళ్ళల డబ్బా భార్య దగ్గరో తల్లి దగ్గరో ఉండాలి, ఏఎన్‌ఎం రోజూ వచ్చి చూడాలి. ఇంతకు ముందు మానినప్పుడు ఫిట్సు వచ్చినవాళ్ళు, కళ్ళు పచ్చబడి కడుపు ఉబ్బినవాళ్ళు, రక్తం కక్కుకున్నవాళ్ళు, చచ్చిపోతానని అంటున్నవాళ్ళు, ఇంట్లో చూసేవాళ్ళు లేనివాళ్ళు, వీళ్ళని ఇంటి దగ్గర ఉంచకూడదు. ఆసుపత్రిలో పెట్టాల్సిందే. ఎవరిని ఇంట్లో ఉంచొచ్చు, ఎవరిని పంపాలి అని తేల్చటమే దగ్గరి డాక్టరు చేసే పెద్ద మేలు.

గ్లూకోజు గురించి కూడా చెప్పాలి. తాగి తాగి తిండి మానేసి నీరసంగా పడిపోయినవాడికి మనం మొట్టమొదట చేసేది ఆర్‌ఎంపీని పిలిచి సీసా ఎక్కించమనటం. అలాంటివాడి ఒంట్లో బి1 విటమిను, దాన్నే థయామిన్ అంటారు, అడుగంటిపోయి ఉంటుంది. అది ఇవ్వకుండా ఉత్త గ్లూకోజు ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినొచ్చు. కళ్ళు మెలికపడతాయి, నడక తూలుతుంది, తర్వాత జ్ఞాపకం పోతుంది, కొందరికి తిరిగి రాదు. అందుకే ముందు థయామిన్ ఇంజక్షను, తర్వాతే సీసా. ఆర్‌ఎంపీలని మేము తిట్టటం లేదు. అర్ధరాత్రి తలుపు కొడితే వచ్చేది వాళ్ళే. వాళ్ళకి ఈ మాట చెప్పే బాధ్యత పీహెచ్‌సీది.

ఇంకొకటి, అక్కలు మరీ వినాలి. మొగుడికి తెలియకుండా అన్నంలోనో మజ్జిగలోనో కలిపి పెట్టే పొడులు, ఆకు మందులు అమ్ముతుంటారు. వాటిలో ఏముంటుందో అమ్మేవాడికే తెలియదు. డాక్టర్లు వాడే డైసల్ఫిరామ్ అనే బిళ్ళ ఒకటుంది. అది వేసుకున్నవాడు తాగితే ముఖం ఎర్రబడి, గుండె కొట్టుకుని, వాంతులై, బీపీ పడిపోతుంది. ఆ భయంతో తాగకుండా ఉంటాడని ఇస్తారు. కానీ తాను ఏం మింగుతున్నాడో ఆ మనిషికి తెలిసి, ఒప్పుకుని, ఇంట్లోవాళ్ళు దగ్గరుండి వేస్తేనే ఇవ్వాలి. చెప్పకుండా కలిపితే, అది తెలియక తాగితే, గుండె జబ్బు ఉన్నవాడు అక్కడికక్కడే పోవచ్చు. విసిగి వేసారి ఈ పని చేసే ఆడవాళ్ళ బాధ మాకు అర్థం కానిది కాదు. కానీ ఈ దారి వద్దు. కోరిక తగ్గించే మందులు వేరే ఉన్నాయి. నాల్‌ట్రెక్సోన్ అని ఒకటి, అకాంప్రొసేట్ అని ఒకటి. లివరు చూసి ఒకటి, కిడ్నీలు చూసి ఒకటి డాక్టరు ఎంచుతారు. ఇవి మన పీహెచ్‌సీల్లో ఉంటాయా అని మీరు అడిగి చూడండి. ఆ జవాబు నుంచే మన డిమాండు మొదలవుతుంది.

మందులతో దిగటం వారం పని. నిలబడటం ఏడాది పని. మొదటి నెలలో వారానికోసారి, తర్వాత నెలకోసారి డాక్టరు ఆ మనిషిని చూడాలి. మధ్యలో జారతాడు. జాతర వస్తుంది, మిర్చి యార్డులో లెక్క చూసుకుని కడుపు మండి వస్తాడు, పాత స్నేహితుడు కలుస్తాడు. జారితే "చూశారా, వీడు మారడని చెప్పానా" అంటాం. షుగరు ఉన్నవాడు పండక్కి మిఠాయి తిని షుగరు పెరిగితే డాక్టరు వైద్యం మానేస్తాడా? ఇదీ అంతే. ఏ రోజున, ఎవరితో, ఏం జరిగి జారాడో కనుక్కుని మళ్ళీ మొదలుపెట్టాలి. మంచి డాక్టరు ఇంటి ఆడమనిషిని కూడా పిలిచి మాట్లాడతారు. ఆమెకీ నిద్ర లేదు, ఆమెకీ దెబ్బలున్నాయి, ఆమెకీ బీపీ ఉంది. ఆ మాట కూడా పుస్తకంలో రాయాలి. ఊరిని తెలిసిన డాక్టరు చేయగలిగిన పని ఇది. సిటీలో గంటకి ముప్ఫై మందిని చూసే డాక్టరు చేయలేరు.

మద్యం ఒక్కటే కాదు. ఇరవై ఏళ్ళుగా మోకాళ్ళ నొప్పులకి, నడుము నొప్పికి బిళ్ళలు మింగుతూ ట్రమడాల్ లేకపోతే పొలం పోలేని స్థితికి వచ్చిన రైతులున్నారు. 2018లో ఆ మందుని మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు. అయినా వాడకం ఆగలేదు. నిద్ర పట్టటం లేదని మొదలుపెట్టి ఆల్‌ప్రాజోలామ్ మానలేకపోతున్న మన తల్లులున్నారు. దీన్ని కూడా ఉన్నట్టుండి ఆపకూడదు, ఫిట్సు వస్తాయి, వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించాలి. తెలంగాణలో కల్లులో ఈ ఆల్‌ప్రాజోలామ్, డయాజిపామ్ కలిపి అమ్మటం ఎప్పటి నుంచో ఉంది. 2015లో దాడులు జరిగి ఆ కల్లు ఆగినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ వైపు ఎంతోమంది పేదలు వింతగా ప్రవర్తిస్తూ, ఫిట్సుతో ఆసుపత్రులకి చేరారు. కల్తీని ఆపటం సరైనదే. ఆపిన మర్నాటికి పీహెచ్‌సీల్లో మందులు, డాక్టరు సిద్ధంగా ఉండాలన్న ఆలోచన కూడా అధికారులకి ఉండాలి. కుర్రాళ్ళ గంజాయి సంగతి వేరే క్లాసులో మాట్లాడుకోవాలి, అది పోలీసు కేసులతో ముడిపడిన పెద్ద విషయం.

కొన్ని లెక్కలు చెబుతాం, మెమొరాండంలో రాసుకోవటానికి పనికొస్తాయి. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ళు దేశమంతా చేసిన సర్వే నివేదిక 2019లో వచ్చింది. దేశంలో మద్యం వల్ల సాయం అవసరమైన స్థితిలో ఉన్నవాళ్ళు దాదాపు 5.7 కోట్లు. ఈ సమస్య ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ పేరు ఉంది. మద్యానికి బానిసైనవాళ్ళలో 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యమో సాయమో అందింది. ఆసుపత్రిలో చేరి వైద్యం పొందింది 180 మందిలో ఒక్కరు. షుగరుకో, టీబీకో ఇలా జరిగితే అసెంబ్లీ దద్దరిల్లేది. రోగులు తాగుబోతులు కాబట్టి ఎవరూ అడగలేదు.

మద్యం మీద వచ్చే ఆదాయం ఎన్ని వేల కోట్లో ప్రతి బడ్జెట్‌లోనూ చదువుతారు. దుకాణం ఎవరు పెట్టాలన్న దాని మీద పార్టీలు కొట్టుకుంటాయి, ప్రభుత్వమే అమ్మాలా, ప్రైవేటుకి ఇవ్వాలా అని. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోసమ్మ, ఆమెతో పాటు మిగతా ఆడవాళ్ళు సారా దుకాణాల మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చాయి. 1997లో దాన్ని ఎత్తేశారు. ఆ ఉద్యమం చేసింది గొప్ప పని, మా తరం అందులోనే కళ్ళు తెరిచింది. దుకాణాల మీద పోరాటం ఇవాళ కూడా జరగాలి. బెల్టు షాపుల మీద మన సంఘం పోరాడుతూనే ఉంది. అయితే దుకాణం ఉన్నా మూసినా, ఇప్పటికే పట్టు బిగిసిన మనిషికి వైద్యం కావాలి. మూసిన రోజున మరీ కావాలి. మద్యం ఆదాయంలో నూటికి ఇంత అని తీసి పీహెచ్‌సీల్లో ఈ వైద్యానికి కేటాయించమని మనం అడగటంలో అన్యాయం ఏముంది? ఆ డబ్బు మన జేబులోంచి పోయిందే.

పీహెచ్‌సీ డాక్టర్ల వైపు నుంచి కూడా చూడాలి. చాలామంది ఇరవై అయిదు, ముప్ఫై ఏళ్ళ పిల్లలు. ఎంబీబీఎస్‌లో ఈ జబ్బు గురించి చదివింది తక్కువ. రోజుకి వంద మంది వస్తారు. యాప్‌లో ఫోటోలు ఎక్కించే పని వేరే. ఒక డాక్టరమ్మతో మేము మాట్లాడాం. "నాకు చేయాలనే ఉందండీ, కానీ థయామిన్ ఇంజక్షనుకి ఇండెంటు పెడితే రావటం లేదు, రాత్రి ఫిట్సు వస్తే చూసే మనిషి లేడు, నేను మొదలుపెట్టి వదిలేస్తే ఎలా?" అన్నారు. ఆమె భయం న్యాయమైనది. ఆమెను గుమ్మం దగ్గర నిలదీస్తే ఏం లాభం? మందులు పంపని పైవాళ్ళని అడగాలి. బెంగళూరు నిమ్హాన్స్ సంస్థ ఇలాంటి డాక్టర్లకి వీడియో ద్వారా శిక్షణ ఇస్తోంది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద మానసిక వైద్యులు ఉండాలి, కింది డాక్టరు ఫోను చేస్తే పలకాలి. ఇవన్నీ కాగితం మీద ఉన్నవే. కాగితం మీద ఉన్నదాన్ని ఊరికి తేవటం మన సంఘానికి కొత్త పని కాదు. సబ్సిడీ విత్తనాలు తెచ్చుకున్నదీ, కాలువ పూడిక తీయించుకున్నదీ అలాగే.

క్వార్టరు ఆనవాయితీ గురించి తర్వాత మాట్లాడదామన్నాం. కూలితో పాటు సీసా ఇవ్వటం మన సంఘ సభ్యులు మానాలని మేము ప్రతిపాదిస్తున్నాం. సీసా ఖరీదు కూలిలో కలిపి డబ్బుగా ఇవ్వండి, ఆమె చేతికి ఇస్తే ఇంకా మంచిది. మందు కొట్టి వచ్చిన మనిషికి ఒళ్ళంతా పురుగుమందు అంటి ఉంటుంది. స్నానం చేయకుండా, తిండి తినకుండా సీసా పట్టుకుంటాడు. కళ్ళు తిరిగి పడితే తాగి పడ్డాడనుకుని వదిలేస్తాం. అది విషం ఎక్కటం కావొచ్చు. కనుపాపలు ఆవగింజంత అయి, నోట్లో చొంగ కారుతుంటే క్షణం ఆలస్యం చేయకుండా 108కి ఫోను చేయండి. వాసన వచ్చిందని తాగుడు ఖాతాలో వేయకండి.

ఈ క్లాసు నుంచి కొన్ని పనులు అనుకుందాం. ప్రతి గ్రామ కమిటీ తమ ఊరి క్లినిక్కుకి డాక్టరు ఏ తేదీల్లో వస్తున్నారో కనుక్కుని సంఘం బోర్డు మీద రాయాలి. రాకపోతే ఆ తేదీలు కూడా రాయాలి. మానాలనుకున్న మనిషి ఎవరైనా మన దగ్గరకి వస్తే, ఒట్టు వేయించి పంపకుండా, ఆ తేదీన ఇద్దరు తోడు వెళ్ళాలి. పేరు సంఘం పుస్తకంలో రాయొద్దు. డాక్టరు వచ్చేలోపు సాయం కావాలంటే రెండు ఉచిత నంబర్లున్నాయి: మనసు బాగాలేకపోతే టెలీమానస్ 14416, మత్తు అలవాట్లకి 14446. 14416లో తెలుగులో మాట్లాడతారు, రాత్రి అయినా ఎత్తుతారు. చచ్చిపోతానన్న మాట ఎవరి నోటి నుంచి వచ్చినా తాగి వాగుతున్నాడని కొట్టిపారేయకండి, పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీసి తాళం వేయండి, ఆ రాత్రి మనిషిని ఒంటరిగా వదలకండి.

డీఎంహెచ్‌ఓకి ఇచ్చే మెమొరాండం నకలు బల్ల మీద ఉంది. ప్రతి పీహెచ్‌సీలో థయామిన్ ఇంజక్షన్లు, మాన్పించేటప్పుడు వాడే బిళ్ళలు, కోరిక తగ్గించే మందులు నిల్వ ఉండాలని, ఏడాదిలోపు ప్రతి పీహెచ్‌సీ నుంచి ఒక డాక్టరుకి, ఒక నర్సుకి శిక్షణ ఇవ్వాలని, బీపీ షుగరు పరీక్షలప్పుడే ఆడిట్ ప్రశ్నలు కూడా అడిగించాలని, ఆత్మహత్య విచారణల్లో తాగుడు అనే మాటతో కుటుంబం దరఖాస్తు తోసిపుచ్చకూడదని కలెక్టరుకి సిఫారసు చేయాలని అందులో రాశాం. ఇంకేమైనా చేర్చాలంటే భోజనాల లోపు చెప్పండి. సోమవారం గ్రీవెన్సుకి వెళ్ళేటప్పుడు కనీసం పాతికమందిమి ఉండాలి, అందులో సగం మంది ఆడవాళ్ళు ఉంటే బాగుంటుంది.